నిండుకున్న చీరలు

మంగళగిరిలో సుబ్బరావమ్మ నోట "లేదు" అనే మాట విన్నవాళ్ళు లేరు.

ఆవిడ ఇంట్లో బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. గాజు పగలదు, పెరుగుతుంది. ఎక్కణ్ణుంచి కదిలినా "వెళ్ళొస్తాను" అనే అంటుంది, చివరికి ఆసుపత్రిలోంచి బయటికొస్తూ కూడా. ఫోను పెట్టేసేటప్పుడు "ఉంటాను" అంటుంది. తెలుగిళ్ళలో ఇవేమీ కొత్త మాటలు కావు. కాకపోతే మిగతా ఆడవాళ్ళు శుక్రవారాలకీ పండగలకీ దాచుకునే మర్యాదని ఆవిడ ఏడాది పొడుగునా పాటించేది. భర్త పానకాలు గుంట మగ్గంలో కూర్చుని "కండె అయిపోయిందే!" అని కేకేస్తే, "నిండుకుంది అనండి" అని సరిదిద్ది, ఆయన ఆ మాట అన్నాకే నూలు చుట్టిన కొత్త కండె అందించేది.

పానకాలు మాటలు తక్కువ మనిషి. ఆ కొద్ది మాటల్ని కూడా భార్య దిద్దడం మొదలుపెట్టాక ఇంకా తగ్గించేశాడు.

వాళ్ళ కొడుకు సురేంద్ర గుంటూరులో మిరపకాయల కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. పొద్దున వెళ్తే సాయంత్రం తుమ్ముకుంటూ ఇంటికొస్తాడు. కోడలు అనూష చీరాల పిల్ల, తనూ మగ్గాల ఇంట్లోంచే వచ్చింది. కంప్యూటర్లు చదువుకుని బళ్ళో పాఠాలు చెబుతోంది. మావగారు నేసిన చీరలు షావుకారు చేతిలో పెట్టి రావడం ఆ అమ్మాయికి నచ్చలేదు. ఫొటోలు తీసి ఒక అమ్మకాల సైట్లో పెట్టింది. జరీ అంచు నూలు చీరలు, అందులోనూ నెమలికంఠం రంగువి, పెట్టినవి పెట్టినట్టే వెళ్ళిపోవడం మొదలైంది. ఇబ్బందల్లా ఒక్కటే. అనూష బడికి వెళ్ళిన వేళలో సైటు చూసేవాళ్ళు ఉండేవారు కారు.

ఒక ఆదివారం అనూష అత్తగారిని లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టింది.

"అత్తయ్యా, ఇందులో ఒక ఎక్స్‌టెన్షన్ వేశాను. ఇక సైటు మీరే చూసుకోవచ్చు."

"ఎక్స్‌టెన్షన్ మనింట్లో ఉందిగా అమ్మాయ్, కూలరుకి పెట్టుకున్నాం. మళ్ళీ ఇంకోటి ఎందుకు తెచ్చావు?"

"ఆ ప్లగ్గుల బాక్సు కాదత్తయ్యా. ఇది బ్రౌజర్లో ఉంటుంది. ఇదిగో, ఈ మూల ఆకుపచ్చ బొమ్మ కనపడుతోందా? దాన్ని నొక్కి మీకేం కావాలో తెలుగులో మామూలుగా చెప్పండి చాలు. అదే సైట్లోకి వెళ్తుంది, అదే వెతుకుతుంది, నొక్కాల్సినవన్నీ అదే నొక్కుతుంది, రాయాల్సింది అదే రాస్తుంది. మీరు మౌసు పట్టుకోనక్కర్లేదు."

"మామూలుగా అంటే?"

"మీరు నాతో మాట్లాడినట్టే."

ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సిందని అనూష తర్వాత చాలాసార్లు అనుకుంది.

సుబ్బరావమ్మ చీర కొంగు సర్దుకుని, ఎదురుగా పెళ్ళివారు కూర్చున్నట్టు నిటారుగా కూర్చుని, ఆకుపచ్చ బొమ్మ నొక్కింది. "చెప్పండి" అంది లాప్‌టాప్ లోంచి ఒక ఆడపిల్ల గొంతు.

"బాగున్నావా అమ్మా? భోంచేశావా?"

"నేను భోజనం చేయను. ఏ పని చేయమంటారు?"

సుబ్బరావమ్మ కోడలి వైపు జాలిగా చూసింది. "పాపం, ఆదివారం పూట ఉపవాసమట" అని గుసగుసగా చెప్పి, ఆ ఉపవాసం పిల్లని కష్టపెట్టడం ఇష్టం లేక, "ఏం లేదు తల్లీ, నీకు తీరికున్నప్పుడు మా కరెంటు బిల్లు సంగతి కాస్త చూడు" అంది. "ఏం లేదు" అనే మాటొక్కటీ ఆవిడ నియమానికి లొంగేది కాదు. అది మాట కింద లెక్క కాదని ఆవిడ వాదన.

తెర మీద పేజీలు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి, అంకెలు వాటంతటవే పడ్డాయి. "బిల్లు కట్టడం పూర్తయింది" అంది ఆ గొంతు. సుబ్బరావమ్మ రెండు చేతులూ జోడించింది.

ఆ వారమంతా ఆవిడకి దాంతోనే కాలక్షేపం. కొరియర్ వాళ్ళని పిలిపించింది. చీర ఎలా ఉతకాలని అడిగిన వాళ్ళకి జవాబులు రాయించింది. పక్కింటి పేరమ్మని పిలిచి, ఆవిడ కళ్ళముందే గ్యాస్ బుక్ చేయించి, "చూశావా, కోడలొచ్చాక కూడా మనకింత ఒద్దికగా పనిచేసే పిల్ల దొరకడమంటే మాటలా?" అంది. ఆ మాట అనూష విననే విన్నది. నవ్వి ఊరుకుంది.

వారం తిరిగేసరికి అనూష పినతల్లి కూతురి ఓణీల ఫంక్షన్‌కి చీరాల వెళ్ళింది. అక్కణ్ణుంచి ఒకనాటి పొద్దున్నే ఫోను చేసింది. "అత్తయ్యా, నెమలికంఠం చీరలు ఆఖరివి కూడా నిన్న వెళ్ళిపోయాయి కదా. స్టాకు మార్చడం మర్చిపోయాను. కాస్త ఎక్స్‌టెన్షన్‌కి చెప్పండి."

సుబ్బరావమ్మ వెంటనే లాప్‌టాప్ ముందు కూర్చుంది. "అమ్మా, మన నెమలికంఠం చీరలు నిండుకున్నాయి. ఆ సంగతి సైట్లో అందరికీ తెలిసేట్టు చెయ్యి తల్లీ."

"సరే. నెమలికంఠం చీరలు నిండుగా ఉన్నాయని సైట్లో అందరికీ కనిపించేలా పెడుతున్నాను."

సుబ్బరావమ్మ మురిసిపోయింది. ఈ కాలం పిల్లలు అయిపోయింది, పోయింది, చచ్చింది అని నోటికొచ్చినట్టు మాట్లాడుతుంటే, ఇది నిండు మాటని నిండు మాటతోనే అందుకుంది. "ఎవరు పెంచారో గాని తల్లీ, పద్ధతిగా పెంచారు" అని మెచ్చుకుని, "మరి ఉంటానమ్మా" అని లేచింది.

"సరే, ఉండండి. నేను వింటున్నాను" అంది ఆ గొంతు.

అది నిజంగానే వింటూ కూర్చుంది.

కాసేపటికి పేరమ్మ కరివేపాకు కోసం వచ్చింది. పెరట్లోని కరివేపాకు చెట్టు పానకాలు పెంచుకున్నది. దాని మీద ఎవరైనా చెయ్యేస్తే ఆయనకి తన వేలు విరిచినట్టుంటుంది. మగ్గంలోంచే గొణిగాడు: "రోజూ ఇదే వరస. లేదని చెప్పు."

ఆ మాటతో సుబ్బరావమ్మకి ఒళ్ళు మండింది. లాప్‌టాప్ ఉన్న గది మధ్యలో నిలబడి, వీధి చివరిదాకా వినపడేట్టు అంది: "అదేం మాటండీ! అడిగినవాళ్ళకి లేదనకుండా ఇవ్వాలి! ఎంతడిగితే అంత ఇవ్వాలి! ఒక్కళ్ళని కూడా మన గుమ్మం నుంచి ఉత్తిచేతుల్తో పంపకూడదు!"

"అలాగే" అని ఎక్కణ్ణుంచో లీలగా వినపడింది. మగ్గం చప్పుడులో అది ఎవరి గొంతో పోల్చుకోలేక, ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి మొగుడు తన మాటకి అలాగే అన్నాడనుకుని సుబ్బరావమ్మ ఆ పూట ఆయనకి గోంగూరలో వెన్న వేసి పెట్టింది. ఎందుకో తెలియకపోయినా పానకాలు మాట్లాడకుండా తిన్నాడు.

అనూష చీరాల నుంచి తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుని, లాప్‌టాప్ తెరిచింది. తెరిచినదల్లా అలాగే ఉండిపోయింది.

"అత్తయ్యా, మనకి నెమలికంఠం చీరలు ఎన్నున్నాయి?"

"నిండుకున్నాయని ఆ రోజే చెప్పించాగా అమ్మాయ్."

"ఇలా వచ్చి చూడండి."

సైట్లో వాళ్ళ చీరల పేజీ పైన పెద్దక్షరాలతో ఇలా ఉంది: *నెమలికంఠం చీరలు నిండుగా ఉన్నాయి. అడిగినవారికి లేదనకుండా ఇస్తాం. ఎంత అడిగితే అంత ఇస్తాం. మా గుమ్మం నుంచి ఎవరినీ ఉత్తి చేతులతో పంపం.*

చీరల సైట్లో అలాంటి భాష ఎన్నడూ చూడని జనం దాన్ని ఫొటో తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. ఒంగోలు, నరసరావుపేట, హైదరాబాదు నుంచి ఆర్డర్లొచ్చాయి. ఒకావిడ ఏకంగా తోడికోడళ్ళందరికీ కలిపి అడిగింది. ఉపవాసం పిల్ల ఒక్కరికీ లేదనకుండా అందరికీ సరేనంది.

అనూష పక్కకి తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తగారు కోడలు ఏడుస్తోందనుకుని భుజం నిమిరింది. "ఊరుకో తల్లీ, ఊరుకో." అనూష తల ఎత్తేసరికి కళ్ళనిండా నీళ్ళు, నోటినిండా నవ్వు. ఆ నవ్వు మళ్ళీ తెర వైపు చూడగానే ఆగిపోయింది.

"నేను నిండుకున్నాయనే చెప్పానే!" అంది సుబ్బరావమ్మ.

"అదేనత్తయ్యా. నిండుకోవడమంటే దానికి నిండటమే. ఇప్పుడు ఇది వెనక్కి తీసుకోవాలి. మీరే దానికి తిన్నగా చెప్పండి. 'చీరలు లేవు' అనండి. రెండే మాటలు."

సుబ్బరావమ్మ ఆకుపచ్చ బొమ్మ ముందు కూర్చుంది. నోరు తెరిచింది. మూసింది. గొంతు సవరించుకుంది. మంచినీళ్ళు తాగింది.

"ఇవాళ శుక్రవారం అమ్మాయ్."

"సరే, రేపు చెబుదురుగాని."

"రేపు శనివారం, వెంకటేశ్వరస్వామి వారం."

మగ్గంలోంచి పానకాలు అన్నాడు: "ఆదివారం సూర్యుడికి, సోమవారం శివుడికి. వారాలన్నీ దేవుళ్ళే పంచేసుకున్నారు, ఇక మనకి మిగలవు."

కోడలికి ఇది చాదస్తంగా కనపడి ఉంటుందని సుబ్బరావమ్మకి తెలుసు. ఆవిడకా మాటలు ఎక్కణ్ణుంచి వచ్చాయో అనూషకి తెలియదు. సుబ్బరావమ్మ కాపురానికొచ్చిన కొత్తలో నూలు ధర పెరిగిపోయి వీధి వీధంతా మగ్గాలు ఆగిపోయాయి. ఇంట్లో తినడానికి గింజ ఉండేది కాదు. అప్పుడు అత్తగారు ఖాళీ బియ్యపు డబ్బా మూత పెట్టి, పసుపు కుంకుమ అద్ది, "బియ్యం నిండుకున్నాయి అమ్మాయ్, అబ్బాయి సాయంత్రం తెస్తాడులే" అనేది. గుమ్మంలో నిలబడ్డ వాళ్ళకి ఆ గొంతులో ఆకలి వినపడేది కాదు. కొత్త కోడలికి కూడా భయం వేసేది కాదు. లేదు అన్న రోజున నిజంగానే లేకుండా పోతుందని ఆ అత్తగారు నమ్మింది. ఆవిడ కోడలు సుబ్బరావమ్మా నమ్మింది.

ఆ సంగతి ఆ సాయంత్రం పూలు కట్టుకుంటూ అనూషకి చెప్పింది. అనూష ఇక "లేవు" అనమని అడగలేదు. తనే కూర్చుని పేజీ సరిచేసి, ఆర్డరిచ్చిన వాళ్ళందరికీ క్షమించమని రాసి, డబ్బు వెనక్కి పంపింది. ఒక్క తాడేపల్లి ఆవిడ దగ్గర్నుంచి మాత్రం జవాబు రాలేదు.

జవాబు రాకపోవడానికి కారణం, ఆవిడ దాన్ని చూడకుండానే మర్నాడు స్కూటీ మీద బయల్దేరింది.

ఆవిడ పేరు కౌసర్. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతుంది. చెల్లెలి పెళ్ళికి అక్కచెల్లెళ్ళూ స్నేహితురాళ్ళూ అందరూ ఒకే రంగు చీర కట్టుకోవాలనుకున్నారు. ఊరు పక్కనే కదా, రంగు కళ్ళతో చూసి తీసుకుందామని వచ్చింది. అనూష బడికి వెళ్ళింది. ఇంట్లో సుబ్బరావమ్మ, మగ్గంలో పానకాలు.

"నెమలికంఠం చీరలు ఆర్డరిచ్చింది నేనేనండి. ఒకసారి చూద్దామని వచ్చాను."

సుబ్బరావమ్మ గబగబా చాప పరిచి కూర్చోబెట్టింది. లేవు అందామంటే నోరు రాదు. నిండుకున్నాయి అందామంటే, మొన్నే ఆ మాట తనని నట్టేట ముంచింది. ఈ కాలం వాళ్ళకి ఆ మాట తిరగబడి వినపడుతుందని ఆవిడకి గట్టి నమ్మకం కుదిరిపోయింది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఆవిడకి మాటలు నిండుకున్నాయి.

"ఎండనపడి వచ్చావు, ముందు మజ్జిగ తాగమ్మా" అంది.

కౌసర్ మజ్జిగ తాగింది. "చీరలు చూపిస్తారా?"

"చూపించకపోతే ఎలాగమ్మా! ఈ దానిమ్మ రంగు చూడు."

"బాగుందండి. నెమలికంఠం?"

"ఈ గంధం రంగు అంచు చూశావా? దీని మీద చెయ్యేసి చూడు."

"చాలా బాగుందండి. మేము నెమలికంఠమే అనుకున్నాం."

"నాలుగు జంతికలు తిను. మీ చెల్లెలు ఏం చదివిందమ్మా?"

కౌసర్ జంతికలు తింది, చెల్లెలి చదువు చెప్పింది, పెళ్ళికొడుకు ఉద్యోగం చెప్పింది, అత్తవారి ఊరు చెప్పింది. చుట్టూ ఆవపిండి రంగు, మామిడాకు రంగు, వంకాయ రంగు చీరలు కుప్పపడ్డాయి. ఆఖరికి పాఠం అర్థంకాని పిల్లల్ని అడిగినట్టు నెమ్మదిగా అడిగింది: "ఆంటీ, నెమలికంఠం చీరలు ఉన్నాయా, లేవా?"

మగ్గం చప్పుడు ఆగింది. పానకాలు కూడా వింటున్నాడు.

సుబ్బరావమ్మ కళ్ళు గట్టిగా మూసుకుని, తప్పు చేసిన చిన్నపిల్లలా అంది: "నిండుకున్నాయమ్మా."

"అయ్యో, అన్నీ అయిపోయాయా? మరి సైట్లో ఉన్నాయని పెట్టారేంటి?"

సుబ్బరావమ్మ కళ్ళు తెరిచింది. ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టేసుకుంది. "నీకు అర్థమైందా తల్లీ?"

"అర్థం కాకపోవడమేంటి ఆంటీ! పక్కింటి మామ్మ దగ్గరికి పంచదార బదులుకి తిరుగుతూ పెరిగాను. ఎన్నిసార్లు నిండుకుందని వెనక్కి పంపిందో ఆవిడ."

అప్పుడు సుబ్బరావమ్మ జరిగిందంతా, ఉపవాసం పిల్ల దగ్గర్నుంచి కరివేపాకు దాకా, ఏకబిగిన చెప్పింది. కౌసర్ చీరల కుప్ప మీద వాలిపోయి నవ్వింది. నవ్వు తగ్గాక ముఖం చిన్నబుచ్చుకుంది. "నవ్వుతున్నాను గాని ఆంటీ, ఇంట్లో అందరికీ చెప్పేశాను. జాకెట్లు కూడా కుట్టడానికి ఇచ్చేశారు."

"పెళ్ళెప్పుడు?" మగ్గం గోతిలోంచి ప్రశ్న వచ్చింది. కౌసర్ ఉలిక్కిపడి అటు చూసింది. అక్కడొక మనిషి ఉన్నాడని అప్పటిదాకా ఆమె గమనించలేదు.

"రంజాన్ అయిన తర్వాత అంకుల్. ఇంకా నెల పైనే ఉంది."

పానకాలు పైకప్పు వైపు చూసి పెదాలు కదిపాడు. "పేరమ్మ వాళ్ళ మగ్గం, ఆ పక్కది, నాది. కలిపి వేస్తే వస్తాయి" అని మళ్ళీ పనిలో పడ్డాడు. ఆ రోజుకి ఆయన మాటలు అంతే.

పేరమ్మ మొగుడు ముందు కాస్త బెట్టు చేశాడు. "కరివేపాకుకి కూడా కళ్ళెర్రజేసే మనిషి ఇప్పుడు మగ్గం అడుగుతున్నాడా?" అన్నాడు. పానకాలు పెరట్లోకి వెళ్ళి, ఒక కొమ్మంత కరివేపాకు విరిచి తెచ్చి, ఆయన చేతిలో పెట్టాడు. ఆ చెట్టు విలువ వీధిలో అందరికీ తెలుసు. పేరమ్మ మొగుడు వెంటనే మగ్గం సర్దడం మొదలుపెట్టాడు.

మొదట రంగు అద్దించిన నూలు నెమలికంఠం కన్నా చిలకరెక్కకి దగ్గరగా వచ్చింది. వీధి ఆడవాళ్ళంతా దాన్ని ఎండలో పట్టుకుని ఒకళ్ళు నీలమన్నారు, ఒకళ్ళు ఆకుపచ్చన్నారు. కౌసర్‌కి వీడియో కాల్ చేస్తే, ఫోన్లో అది బూడిద రంగులో కనపడిందట. ఆమె మళ్ళీ స్కూటీ వేసుకుని వచ్చింది. రెండోసారి రంగు సరిగ్గా కుదిరింది.

ఈలోగా అనూష ఎక్స్‌టెన్షన్‌కి అత్తగారి భాష నేర్పింది. నిండుకోవడమంటే అయిపోవడం, ఉంటానంటే వెళ్ళిపోవడం, కొండెక్కడమంటే ఆరిపోవడం. అది శ్రద్ధగా అంతా గుర్తుపెట్టుకుంది. మర్నాడే నరసరావుపేట నుంచి ఒకావిడ, నిండు ఎరుపు చీర ఉంటే చెప్పండని రాస్తే, "మా దగ్గర అయిపోయిన ఎరుపు చీరలు చాలా ఉన్నాయి" అని జవాబిచ్చింది. సుబ్బరావమ్మ దాన్ని తిట్టలేదు. "పరాయి చోటు నుంచి వచ్చిన పిల్ల, మెల్లగా అలవాటు పడుతుంది" అని, అప్పట్నుంచీ ఏ పని చెప్పినా చివర "ఏం అర్థమైందో ఒకసారి చెప్పు తల్లీ" అని అడిగి, విన్నాకే కదలనివ్వడం మొదలుపెట్టింది. పని కాస్త ఆలస్యమయ్యేది గాని, పొరపాట్లు తగ్గాయి. అదేదో తనతోనూ చేస్తే బాగుండునని పానకాలు అనుకున్నాడేమో, పైకి మాత్రం అనలేదు.

చీరలు పెళ్ళికి ముందే తయారయ్యాయి. కౌసర్ పట్టుబట్టి ఇంటిల్లిపాదినీ పిలిచింది. తాడేపల్లిలో ఫంక్షన్ హాలు. పానకాలు ఇస్త్రీ చొక్కా వేసుకుని, వెనక వరసలో కుర్చీ అంచున కూర్చున్నాడు. లోపల్నుంచి పెళ్ళికూతుర్ని తీసుకుని అమ్మాయిలంతా ఒక్కసారిగా హాల్లోకి వచ్చారు. ఒకే నెమలికంఠం, ఒకే జరీ అంచు. లైట్ల కింద ఆ గుంపు నడుస్తుంటే రంగు నీలంలోంచి ఆకుపచ్చలోకి జారి మళ్ళీ నీలమైపోతోంది.

ఊహ తెలిసినప్పట్నుంచీ నేస్తున్నాడు పానకాలు. నేసిన చీర మడత పెట్టి ఇచ్చేయడమే గాని, అది ఎవరు కట్టుకుంటారో, కట్టుకుంటే ఎలా ఉంటుందో ఆయన ఎప్పుడూ చూసింది లేదు. కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమన్నా వినిపించుకోలేదు. సుబ్బరావమ్మ ఆయన ముఖంలోకి చూసి, ఈ మనిషికి కళ్ళనీళ్ళు తిరుగుతున్నాయా ఏమిటని కంగారుపడింది.

"ఏమండీ, ఏమైంది?"

"ఆ చివరమ్మాయి" అన్నాడు పానకాలు, "కొంగు తిరగేసి వేసుకుందే. జరీ లోపలికి పోయింది."

చెప్పడమే కాదు, సరిచేసి వస్తానని రెండడుగులు వేశాడు కూడా. సుబ్బరావమ్మా అనూషా చెరో చెయ్యీ పట్టుకుని కుర్చీలో కూలేశారు. బిర్యానీ వడ్డించేదాకా వాళ్ళు ఆయన చేతులు వదల్లేదు.